కన్నతల్లిని వెతకాలంటే ముందు ఆ ఫైలు చదవడం తెలియాలి

అడిగిన ప్రశ్న: "నాకు 33 ఏళ్ళు. విజయవాడలో పెరిగాను, ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం. పోయిన ఏడాది నాన్న పోయాక బీరువా సర్దుతుంటే ఒక కోర్టు ఆర్డరు కాపీ దొరికింది. 1992లో హైదరాబాదులోని ఒక శిశుగృహం నుంచి నన్ను దత్తత తీసుకున్నారట. అమ్మకు 68 ఏళ్ళు, బీపీ ఉంది. నాకు తెలిసిపోయిందని ఆమెకు తెలీదు. కన్నవాళ్ళను వెతకాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? డీఎన్‌ఏ టెస్టు పనికొస్తుందా? అమ్మకు చెప్పాలా?"

అమ్మా, నువ్వు నా కూతురి వయసుదానివి. అందుకే చనువుగా నువ్వు అంటున్నాను. నేను 28 ఏళ్ళు దత్తత పనుల్లోనే గడిపాను. మొదట ఒక శిశుగృహంలో సోషల్ వర్కర్‌గా, తర్వాత జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో పనిచేసి రిటైర్ అయ్యాను. పసిపిల్లల్ని కొత్త ఇళ్ళకు పంపుతూ అప్పట్లో రాసిన రిజిస్టర్లను, ఆ పిల్లలు పెద్దవాళ్ళై వచ్చి అడిగినప్పుడు మళ్ళీ నేనే తెరిచాను. కొన్ని పేజీల్లో ఉన్నది నా చేతిరాతే. కాబట్టి ఆ కాగితాల్లో ఏది నమ్మాలో, ఏది నమ్మకూడదో నాకు కాస్త తెలుసు.

నీ ప్రశ్నల్లో చివరిదానికి ముందు జవాబు చెబుతాను. మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

అమ్మ నీ దగ్గర దాచిందని కోపం ఉంటే, అందులో సగం మాలాంటి వాళ్ళ మీద పెట్టు. ఆ రోజుల్లో బిడ్డను చేతిలో పెడుతూ "ఎవరికీ చెప్పకండి, మీ కడుపున పుట్టినట్టే పెంచుకోండి" అని మేమే చెప్పేవాళ్ళం. నేనూ చెప్పాను. అది తప్పని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తర్వాతి కాలంలో, బడికి వెళ్ళే వయసుకే బిడ్డకు చెప్పేయమని సలహా ఇవ్వడం మొదలుపెట్టాం. అప్పటికే మీలాంటి పిల్లలు పెద్దవాళ్ళైపోయారు. మీ అమ్మ 33 ఏళ్ళుగా ఈ రోజు వస్తుందేమోనని లోపల భయపడుతూనే ఉండి ఉంటుంది. నాన్న పోయాక ఆ భయం ఆమె ఒక్కదానిదే అయింది.

ఆమెకు చెప్పు. పండగ పూట వద్దు, నాన్నగారి సంవత్సరీకం దగ్గర్లో వద్దు, చుట్టాలు ఇంట్లో ఉన్నప్పుడు అసలే వద్దు. ఆర్డరు కాపీ చేతిలో పట్టుకుని వెళ్ళకు. కాగితం చూస్తే ఎవరికైనా ఏదో విచారణ జరుగుతున్నట్టు ఉంటుంది. "అమ్మా, నాకు తెలిసింది. నేనెక్కడికీ పోను. ఆ రోజు నన్ను ఎలా తెచ్చుకున్నారో నాకు చెప్పవా?" అని అడుగు. వెతుకుతానన్న సంగతి అదే రోజు ఎత్తకు. ముందు ఆమెను మాట్లాడనివ్వు. కన్నతల్లి దేవకి, పెంచిన తల్లి యశోద అని చాలామంది నీకు చెబుతారు. మంచి మనసుతోనే చెబుతారు. కానీ ఆ మాట ఇద్దరు అమ్మల్లో ఎవరి భయాన్నీ తగ్గించడం నేనెప్పుడూ చూడలేదు. ఆమె పక్కన కూర్చుని, చెప్పేదంతా వింటే తగ్గుతుంది.

ఇందులో నీ వెతుకులాటకు పనికొచ్చే సంగతి కూడా ఉంది. ఆ రోజు శిశుగృహానికి వెళ్ళిన మనుషుల్లో ఇప్పుడు నీకు అందుబాటులో ఉన్నది ఆమె ఒక్కతే. అక్కడి ఆయా ఏదో ఒకటి చెప్పి ఉంటుంది. "తల్లి పల్లెటూరి పిల్లండీ", "ఆస్పత్రి నుంచి నేరుగా తెచ్చారండీ" లాంటి మాటలు ఫైల్లో ఉండవు, పెంచిన తల్లికి మాత్రం జీవితాంతం గుర్తుంటాయి. గుంటూరు వైపు ఒక అమ్మాయి ఏడు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగి, చివరికి ధైర్యం చేసి వాళ్ళమ్మకు చెప్పింది. ఆమె ఒక్క మాటా అనకుండా లేచి అటక మీద నుంచి ట్రంకుపెట్టె దింపించింది. అందులో ఒక పసుపు గౌను, దానికి పిన్నుతో గుచ్చిన చిన్న అట్టముక్క. అట్ట మీద ఉన్న అంకె ఆ బిడ్డ అడ్మిషన్ నంబరు. ఆ నంబరుతో వెతికితే ఫైలు మాకు ఒక్క పూటలో దొరికింది.

చెప్పే ధైర్యం ఇప్పుడే రాకపోతే, కాగితాలు సంపాదించే పని ముందు మొదలుపెట్టుకో, పర్వాలేదు. కానీ కన్నతల్లిని కలిసే రోజు కంటే ముందు ఈ అమ్మకు తెలిసి తీరాలి. అది కూడా నీ నోటితోనే తెలియాలి.

ఇక కాగితాల సంగతి. నీ దగ్గర కోర్టు ఆర్డరు ఉండడం చాలా పెద్ద అదృష్టం. నర్సు చేతి మీదుగానో, తెలిసిన డాక్టరు ద్వారానో బిడ్డను తెచ్చుకుని, పెంచినవాళ్ళ పేర్లతోనే పుట్టుక నమోదు చేయించుకున్న ఇళ్ళు ఆ రోజుల్లో ఎన్నో. ఆ పిల్లలకు వెనక్కి వెళ్ళడానికి ఒక్క కాగితం కూడా ఉండదు. నీ విషయంలో 1956 నాటి హిందూ దత్తత చట్టం ప్రకారం పని జరిగింది. తల్లిదండ్రులు వదిలేసిన బిడ్డను గానీ, ఎవరి బిడ్డో తెలియని బిడ్డను గానీ సంరక్షకులు దత్తత ఇవ్వాలంటే ముందు కోర్టు అనుమతి కావాలని ఆ చట్టం తొమ్మిదో సెక్షన్ చెబుతుంది. అంటే శిశుగృహం కోర్టులో పిటిషన్ వేసింది. ఆ పిటిషన్‌తో పాటు బిడ్డ ఎలా వచ్చిందో చెప్పే కాగితాలు జతచేసింది. నీకు కావలసినవి అవి.

ఆర్డరు పైన కోర్టు పేరు, ఓ.పి. నంబరు (అంటే ఆ పిటిషన్ నంబరు), సంవత్సరం ఉంటాయి. ఆ కోర్టులో ఒక లాయరు ద్వారా సర్టిఫైడ్ కాపీలకు దరఖాస్తు పెట్టించు. ఆర్డరు ఒక్కటే అడగొద్దు. పిటిషన్, అఫిడవిట్లు, జతచేసిన డాక్యుమెంట్లు అన్నీ పేరుపేరునా అడగాలి. పాత కేసుల్లో తీర్పు ఉంచి, లోపలి కాగితాలు కొన్నేళ్ళకు తీసేసే పద్ధతి ఉంది. అందుకని అవి దొరక్కపోవచ్చు. అయినా పిటిషన్ ఒక్కటి దొరికినా సగం కథ తెలుస్తుంది. అలాగే దత్తత దస్తావేజు రిజిస్టర్ అయిందేమో అమ్మను అడుగు. అది సబ్-రిజిస్ట్రార్ ఆఫీసులో నాలుగో పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకంలోని కాపీలు దస్తావేజుతో సంబంధం ఉన్నవాళ్ళకే ఇస్తారు. కాబట్టి అమ్మ సంతకంతో అడిగితే పని సులువు.

రెండో దారి కారా. ఢిల్లీలో ఉన్న కేంద్ర దత్తత సంస్థను అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు. 2022 దత్తత నిబంధనల్లో రూట్ సెర్చ్ అని, అంటే దత్తత వెళ్ళినవాళ్ళు తమ మూలాలు వెతుక్కోవడం గురించి, విడిగా ఒక నిబంధనే ఉంది. 18 ఏళ్ళు దాటినవాళ్ళు ఎవరి అనుమతీ అవసరం లేకుండా కారా వెబ్‌సైట్‌లో సొంతంగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. అది కారా నుంచి రాష్ట్ర దత్తత విభాగానికి, అక్కడి నుంచి జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి, శిశుగృహానికి వెళ్తుంది. నువ్వు పెరిగింది విజయవాడలో కాబట్టి అక్కడి ఆఫీసుకు వెళ్ళమని ఎవరైనా చెబితే వినకు. నీ ఫైలు పుట్టింది హైదరాబాదులో. 2014 తర్వాత అది తెలంగాణ శాఖ చేతిలోకి వచ్చింది. రెండు రాష్ట్రాల మధ్య ఉత్తరాలు తిరుగుతూ ఏడాది పోగొట్టుకున్న పిల్లల్ని చూశాను. శిశుగృహం మూతపడి ఉంటే దాని రికార్డులు ఎవరికి అప్పగించారో జిల్లా విభాగాన్ని రాతపూర్వకంగా అడుగు. నోటిమాటగా అడిగితే నోటిమాటగానే "లేవు" అంటారు.

ఆ నిబంధనలో నువ్వు ముందే తెలుసుకోవలసినవి మూడున్నాయి. బిడ్డను అప్పగించేటప్పుడు తన పేరు బయటపెట్టొద్దని తల్లి కోరి ఉంటే, ఇప్పుడు ఆమె రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే నీకు చెబుతారు. ఆమె ఒప్పుకోకపోయినా, దొరక్కపోయినా, నిన్ను ఏ పరిస్థితుల్లో అప్పగించిందో ఆ కారణాలు మాత్రం నీకు చెప్పి తీరాలి. ఈ రెండో మాట చాలా ఆఫీసుల్లో మర్చిపోతారు. నువ్వు గుర్తుచెయ్యి. ఇక మూడోది, నీ తరఫున మూడో మనిషి రూట్ సెర్చ్ చేయడానికి అనుమతి లేదు. డబ్బు తీసుకుని వెతికిపెడతామని ఎవరైనా వస్తే ఒక్క రూపాయి కూడా ఇవ్వకు.

సరే, ఫైలు నీ చేతికి వచ్చిందనుకుందాం. చాలామంది అక్కడే దెబ్బతింటారు. ఫైల్లో ఉన్నదంతా నిజమని నమ్మి ఏడుస్తారు, లేదా మొదటి అబద్ధం బయటపడగానే అంతా అబద్ధమేనని వదిలేస్తారు. రెండూ వద్దు.

ముందు ఒక్క మాట వెతుకు. బిడ్డను "అప్పగించారు" అని ఉందా, "దొరికింది" అని ఉందా? అప్పగిస్తే రెలింక్విష్‌మెంట్ డీడ్ అని స్టాంపు కాగితం ఒకటి ఉంటుంది. దాని మీద తల్లి సంతకమో వేలిముద్రో, ఇద్దరు సాక్షుల సంతకాలూ ఉంటాయి. దొరికితే ఎక్కడ దొరికింది, ఎవరు తెచ్చారు, ఏ పోలీస్ స్టేషన్‌లో చెప్పారు అని ఉండాలి. అయితే ఇక్కడ నేను కళ్ళారా చూసిన నిజం ఒకటి చెప్పాలి. తల్లి స్వయంగా వచ్చి అప్పగించినా, సంతకం పెట్టడానికి భయపడి వెళ్ళిపోతే, "గేటు దగ్గర దొరికింది" అని రాసేవాళ్ళు ఉండేవాళ్ళు. కాబట్టి "దొరికింది" అని చూడగానే నిన్ను చెత్తకుప్ప దగ్గర పారేశారని ఊహించుకుని నిద్ర పాడు చేసుకోకు.

ఇంకో రకం అబద్ధం కూడా ఉంది, అది చాలా పాపిష్టిది. 1999లోనూ, మళ్ళీ 2001లోనూ హైదరాబాదులో కొన్ని దత్తత సంస్థల మీద కేసులు అయ్యాయి. నల్గొండ జిల్లా తండాల్లో పేద లంబాడా కుటుంబాల నుంచి ఆడపిల్లల్ని దళారులు డబ్బుకు తెచ్చి, తల్లులే ఇష్టపడి అప్పగించినట్టు కాగితాలు సృష్టించారన్నది ఆరోపణ. నువ్వు అంతకు ఏడేళ్ళ ముందు దత్తత వెళ్ళావు కాబట్టి నీకిది వర్తిస్తుందని నేననను. కానీ విదేశాల్లో పెరిగి నన్ను అడిగిన పిల్లలకు ఇది చెప్పకుండా ఉండలేదు. స్టాంపు కాగితం కొన్న తేదీ బిడ్డ వచ్చిన తేదీకి చాలా తర్వాత ఉన్నా, వేరువేరు పిల్లల కాగితాల మీద అవే సాక్షుల పేర్లు మళ్ళీ మళ్ళీ కనిపించినా, ఆ ఫైలును అనుమానించు.

తల్లి పేరు దగ్గరికి వద్దాం. సంతకం చేసే తల్లి తన అసలు పేరు చెప్పడం తక్కువే. మా రిజిస్టర్లలో ఎంతమంది లక్ష్ములో! వయసు ఇరవై అని, ఊరు పక్కూరి పేరు అని చెప్పేవాళ్ళు. వాళ్ళను తప్పుపట్టను, ఆ స్థితిలో ఎవరైనా అంతే చెబుతారు. కానీ మండలం పేరు చాలాసార్లు నిజమే అయ్యేది. హఠాత్తుగా అడిగితే దూరపు మండలం పేరు ఎవరికీ నోటికి రాదు. తల్లి పేరు కంటే నేనెక్కువ నమ్మింది సాక్షి పేరు. వెంట వచ్చిన మేనత్తో, ఊళ్ళో ఆర్ఎంపీ డాక్టరో, నర్సమ్మో సాక్షి సంతకం పెడుతూ తమ అసలు పేరే రాసేవాళ్ళు. దాచుకోవలసింది తల్లికి, తమకు కాదు కదా అనుకునేవాళ్ళు. కన్నతల్లి దాకా వెళ్ళిన మా దారులు ఎక్కువగా సాక్షి దగ్గర నుంచి మొదలైనవే. కాగితం వెనకవైపు కూడా తిప్పి చూడు. ఆస్పత్రి చీటీ ఏదైనా పిన్ను చేసి ఉండవచ్చు. జిరాక్స్ తీసేవాళ్ళు వెనకవైపు తీయరు.

తర్వాత మెడికల్ షీటు. నీ పుట్టినరోజు నిజమా కాదా అన్నది అందులోనే తెలుస్తుంది. చేరిన రోజు "బొడ్డు ఇంకా ఊడలేదు" అని రాసి ఉంటే నువ్వు అంతకుముందు ఒకటి రెండు వారాల లోపే పుట్టావు, కాబట్టి తేదీ కాస్త అటూ ఇటూ అయినా నమ్మవచ్చు. పళ్ళు వచ్చిన బిడ్డైతే తేదీ డాక్టరు అంచనా మాత్రమే. చేరేనాటికే బీసీజీ (పుట్టగానే వేసే క్షయ టీకా) వేసి ఉంటే, కాన్పు ఇంట్లో కాకుండా ఆస్పత్రిలో జరిగి ఉండే అవకాశం బాగా ఎక్కువ. అప్పుడు ప్రసూతి రిజిస్టర్ వెతకవచ్చు. పల్లెల్లో కాన్పులు ఎక్కువగా మంత్రసాని చేతి మీదే జరిగిన రోజులవి. కాబట్టి ఆస్పత్రి కాన్పు అన్నది కూడా ఒక ఆనవాలే.

కారణం కాలమ్‌లో సాధారణంగా రెండే కథలు ఉంటాయి. పెళ్ళి కాలేదు అని, లేదా మూడోదో నాలుగోదో ఆడపిల్ల అని. ఆ రెండో కథ అయితే నీకు అక్కలున్నారు. బహుశా నీ తర్వాత తమ్ముడూ ఉండవచ్చు. ఇది చదివి కోపం వస్తుంది, రానివ్వు. కానీ ఇంకో సంగతి కూడా తెలుసుకో. అలాంటి ఇళ్ళలో చుట్టుపక్కల వాళ్ళకు "బిడ్డ పుట్టి పోయింది" అని చెప్పి ఉంటారు. ఆ ఊరి లెక్కలో నువ్వు చనిపోయిన పిల్లవి. నువ్వు ఫోటో పట్టుకుని రచ్చబండ దగ్గర నిలబడి అడిగితే ఆ ఇంట్లో ఏమవుతుందో ఆలోచించు.

ఊరు వెతికేటప్పుడు మ్యాపులతో తిప్పలు తప్పవు. కొత్తపల్లి, రామాపురం లేని జిల్లా ఉండదు. మండలాలు 1985లో వచ్చాయి. పెద్దవాళ్ళు ఆ తర్వాత కూడా తాలూకా పేరే చెప్పేవాళ్ళు. ఫైల్లో నల్గొండ జిల్లా అని ఉన్న ఊరు 2016 జిల్లాల విభజన తర్వాత సూర్యాపేటలోనో యాదాద్రిలోనో ఉండవచ్చు. ఆంధ్రలోనూ 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి. మహబూబ్‌నగర్, కర్నూలు వైపు ఊరి పేరు కనిపించి మ్యాపులో దొరక్కపోతే శ్రీశైలం ముంపు గ్రామాల జాబితా చూడు. 1981 ప్రాంతంలో వందకు పైగా ఊళ్ళు ఖాళీ చేయించారు. పునరావాసం పొందినవాళ్ళు ఎక్కడికి పోయినా తమ ఊరు అడిగితే మునిగిన ఊరి పేరే చెప్పడం నేను విన్నాను.

ఇప్పుడు డీఎన్‌ఏ. పనికొస్తుంది, కానీ నువ్వనుకున్నట్టు కాదు. అమెరికాలో ఉమ్మిపెట్టి పంపిస్తే నెలకల్లా చుట్టాలు దొరుకుతున్నారంటే, అక్కడ కోట్లమంది ఇప్పటికే టెస్టు చేయించుకున్నారు కాబట్టి. మన పల్లెల్లో ఎవరు చేయించుకున్నారు? నీకు కనిపించే చుట్టాలు ఎక్కువగా అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్ళే అయి ఉంటారు. అయినా చేయించుకోమనే అంటాను. ఫలితాన్ని జెడ్‌మ్యాచ్‌లో (వేరువేరు కంపెనీల డీఎన్‌ఏ ఫలితాలను పోల్చి చూపే సైటు) కూడా పెట్టు. ఎప్పుడో ఒకరోజు నీ సొంత అక్క కొడుకు అక్కడ చదువుకుంటూ సరదాకి టెస్టు చేయించుకోవచ్చు.

ఫలితం చదివేటప్పుడు మనవాళ్ళకు ఎక్కువగా వచ్చే చిక్కు ఒకటుంది. అక్కడ ఇద్దరి మధ్య ఎంత డీఎన్‌ఏ కలుస్తుందో సెంటీమోర్గాన్లు అనే కొలతలో ఇస్తారు. తల్లీబిడ్డల మధ్య సుమారు 3,400, తల్లో తండ్రో ఒక్కరే ఉమ్మడిగా ఉన్న తోబుట్టువులకు సుమారు 1,750, తల్లులో తండ్రులో తోబుట్టువులైన పిల్లల మధ్య సుమారు 870 ఉంటాయి. ఇలా పెద్ద అంకెలు వస్తే నమ్ము. యాభై, డెబ్బై వచ్చినవాళ్ళను మూడో తరం బంధువులని ఆ సైటు చూపిస్తుంది. దాన్ని అలాగే నమ్మకు. మన కులాల్లో ఎన్నో తరాలుగా లోపల్లోపలే పెళ్ళిళ్ళు జరిగాయి. హైదరాబాదులోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కూడా ఉన్న 2009 నాటి అధ్యయనం ఈ సంగతే చెప్పింది. అందుకని చాలా దూరపు చుట్టం కూడా దగ్గరివాడిలా కనిపిస్తాడు. ఒకే కులంవాళ్ళు వందమంది నీకు బంధువులని వస్తే, నీ మూలం ఏ వైపో ఊహించడానికి అది పనికొస్తుంది, కుటుంబం దాకా తీసుకెళ్ళదు.

జెడ్‌మ్యాచ్‌లో తల్లిదండ్రులు ఒకరికొకరు బంధువులా అని చూసే సదుపాయం ఒకటుంది. అందులో అవుననే ఫలితం చూసి, తన పుట్టుక వెనక ఏదో ఘోరం జరిగిందని కుమిలిపోయిన అమ్మాయి నాకు స్వీడన్ నుంచి ఫోన్ చేసింది. అక్కడి సలహాదారులకు మేనరికం అంటే ఏమిటో తెలీదు. మేనమామ-మేనకోడలి పెళ్ళిలో పుట్టిన బిడ్డకు ఆ లెక్క సుమారు ఎనిమిదో వంతు, మేనబావ-మరదళ్ళ బిడ్డకు పదహారో వంతు వస్తుంది. మన ఊళ్ళలో అవి పందిరి వేసి, బాజాలు పెట్టి చేసిన పెళ్ళిళ్ళు. ఆ అమ్మాయికి వచ్చింది కూడా ఆ లెక్కే. ఇది చెప్పాక ఫోన్లో చాలాసేపు ఏడ్చింది. తర్వాత మేనరికం అన్న మాటను నాలుగైదుసార్లు పలికించుకుని నేర్చుకుంది.

మనిషి ఎవరో తెలిశాక ఎలా పలకరించాలన్నది అన్నిటికంటే కష్టమైన భాగం. నువ్వు నేరుగా వెళ్ళకు. ఉత్తరం రాయకు, అది ఇంట్లో మనవడు చదివి వినిపిస్తాడు. ఫోన్ చేయకు, అది కొడుకు చేతిలో ఉంటుంది. టీవీకో యూట్యూబ్ చానల్‌కో అసలే చెప్పకు. ఒక అబ్బాయి తొందరపడి అలా చేశాడు. వాళ్ళు కెమెరాతో ఆ ఇంటి ముందుకే వెళ్ళారు. ఆమె మళ్ళీ ఆ ఊళ్ళో కాపురం చేయలేకపోయింది, కొడుకును చూడ్డానికీ ఒప్పుకోలేదు. ఆ అబ్బాయి చెడ్డవాడు కాదు, ఆత్రం. అంతే.

జిల్లా విభాగం నుంచి ఒక ఆడమనిషే వెళ్ళాలని పట్టుబట్టు. ఆ ఊరి అంగన్‌వాడీ టీచరు కూడా వద్దు, ఆమెకు ఆ ఊళ్ళో చుట్టరికాలుంటాయి. మేమైతే ఏదో పథకం పని మీద అని మండల ఆఫీసుకు పిలిపించి, ఒంటరిగా ఉన్నప్పుడు ఒక్క మాటే అడిగేవాళ్ళం: "1992లో మీరు హైదరాబాదు వెళ్ళారా అమ్మా?" ఆ తర్వాత ఆమె మొహం చూసి ఆగేవాళ్ళం. అవునన్నవాళ్ళు చాలామంది వెంటనే అడిగిన ప్రశ్న ఒకటే, "బతికే ఉందా?" అని.

కుటుంబానికి తెలిసినచోట మొదటి అనుమానం ఆస్తి. దానికి స్పష్టమైన జవాబు నీ దగ్గర ఉంచుకో. 1956 చట్టం ప్రకారం దత్తతతో పుట్టింటి బంధాలు తెగుతాయి. దత్తతకు ముందే నీ పేర సంక్రమించిన ఆస్తి ఏదైనా ఉంటే తప్ప అక్కడ నీకు వాటా రాదు. పెంచిన ఇంట్లో నీ హక్కు కూడా ఎటూ పోదు, ఆ దత్తత రద్దు కాదు. ఆ చట్టం పుట్టింటి సంబంధాన్ని ఒక్కచోట మాత్రం గుర్తుపెట్టుకుంది: పుట్టింట్లో ఎవరిని పెళ్ళి చేసుకోకూడదో, దత్తత తర్వాత కూడా వాళ్ళను చేసుకోకూడదు.

ఆమె కలుస్తానంటే ఆమె చెప్పిన చోటికి, ఆమె చెప్పిన టైముకు వెళ్ళు. ఒకావిడ కంటి ఆస్పత్రికి వెళ్తున్నానని ఇంట్లో చెప్పి, నిజంగానే చీటీ రాయించుకుని, పక్కనున్న గుడి మెట్ల దగ్గరికి వచ్చింది. గంటన్నర కూర్చున్నారు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు. ఆవిడ ఆ పిల్ల చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని చిటికెన వేలు నిమురుతూ, "ఇది మా అమ్మ వేలు" అంది. ఆ పిల్ల కొనుక్కెళ్ళిన చీర మాత్రం తీసుకోలేదు. ఇంట్లో ఎక్కడిదంటే ఏం చెప్పాలి? పూలు తీసుకుంది. మొదటిసారి డబ్బు ఇవ్వకు, ఫోటో తీయకు, "ఎందుకు వదిలేశావు" అని అడక్కు. ఆ జవాబు మూడోసారో నాలుగోసారో ఆమె తనంతట తనే చెబుతుంది.

కలవనంటే? అదీ జరుగుతుంది. నేను వెళ్ళిన ఒకచోట ఆమె తల అడ్డంగా ఊపింది, నేను లేచాను. గుమ్మం దాకా వచ్చి, "మా ఇంట్లో అందరికీ నలభై దాటితే షుగర్ వస్తుందని చెప్పండి, జాగ్రత్తగా ఉండమనండి" అంది. ఆ మాట నేను రాసుకుని తీసుకెళ్ళి ఇచ్చాను. ఆ అమ్మాయి ఆ కాగితాన్ని మడిచి పర్సులో పెట్టుకుంది. రెండేళ్ళ తర్వాత కలిసినప్పుడు కూడా అది ఆ పర్సులోనే ఉంది. నీకు అంతకంటే తక్కువ దొరకవచ్చు, ఎక్కువ దొరకవచ్చు. కాదన్నా తలుపు పూర్తిగా మూయించకు. నీ ఫోన్ నంబరు ఆమెకు కాకుండా ఆ సోషల్ వర్కర్ దగ్గర, జిల్లా ఆఫీసు ఫైల్లో ఉంచి రా. భర్త పోయాక, పిల్లల పెళ్ళిళ్ళు అయిపోయాక మనసు మార్చుకుని మా ఆఫీసు వెతుక్కుంటూ వచ్చిన తల్లులు ఉన్నారు.

ఈ వారంలో రెండు పనులు చెయ్యి. ఆర్డరు కాపీని రెండు వైపులా ఫోటో తీసి, ఓ.పి. నంబరుతో కోర్టులో కాపీలకు దరఖాస్తు పెట్టించు. ఆదివారం విజయవాడ వెళ్ళి అమ్మతో ఓ పూట కూర్చో. బీపీ మాత్ర వేసుకున్నాకే మొదలుపెట్టు. పిటిషన్ చేతికి వచ్చాక సాక్షుల దగ్గర ఏం రాసుందో, "దొరికింది" అని ఉందో "అప్పగించారు" అని ఉందో నాకు రాయి, తర్వాత ఏం చేయాలో చెబుతాను. పేర్లు, ఊరు మాత్రం అందరికీ కనిపించేలా ఎక్కడా రాయకు.